జబ్బు ఫలానా జంతువు నుంచే వచ్చిందని ఎలా తేలుస్తారు? ఈ పని తెలిసినవాళ్లు చెప్పండి

మూడో_సెమిస్టర్:
ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చదువుతున్నాను, ప్రాజెక్టు జంతువుల నుంచి మనుషులకు వచ్చే వైరస్‌ల మీద చేద్దామని ఉంది. ఇంట్లో చెప్పినప్పటి నుంచి అమ్మకి ఒకటే టెన్షన్. నా సందేహం వేరే. ఇంతమంది జబ్బు పడ్డారు, సరే, ఇది గబ్బిలం నుంచి వచ్చింది, ఇది పంది నుంచి వచ్చింది అని ఎలా పట్టుకుంటారు? దాని రక్తంలో ఏదో ఒకటి దొరికితే చాలా? దొరికాక ఆ జంతువుల్ని చంపేస్తే అయిపోతుంది కదా, మరి ఏళ్ల తరబడి వాటి వెంట ఎందుకు తిరుగుతారు?

ల్యాబ్_కోటు:
చాలదండీ. రక్తంలో యాంటీబాడీలు ఉంటే దానికి ఎప్పుడో ఆ వైరస్ గానీ దాని దగ్గరి చుట్టం గానీ సోకిందని తెలుస్తుంది, అంతవరకే. పీసీఆర్‌లో పాజిటివ్ వస్తే వైరస్ జన్యు పదార్థం ఉందని. బతికున్న వైరస్‌ని వేరుచేసి, దాని జన్యుక్రమం రోగిలో దొరికినదానితో కలిసిందంటే అప్పుడు ధైర్యంగా మాట్లాడొచ్చు. అదేమంత సులువు కాదు. ఎబోలా 1976లో బయటపడింది, గబ్బిలాల మీద అనుమానం బలంగానే ఉంది, కానీ వాటిలోంచి బతికున్న ఎబోలా వైరస్‌ని మాత్రం ఇంతవరకు తీయలేకపోయారు.

పశువుల_డాక్టర్:
ల్యాబ్ కంటే ముందు జబ్బు ఎవరికి వస్తోందో చూడాలి బాబూ. 1998లో మలేషియాలో పందులు పెంచేవాళ్లకి జ్వరం, మెదడువాపు మొదలైతే దోమల వల్ల వచ్చే జపనీస్ ఎన్‌సెఫలైటిస్ అనుకుని దోమల మందు కొట్టారు, టీకాలు వేశారు, ఆగలేదు. దోమ అయితే ఇంట్లో పిల్లల్నీ కుడుతుంది కదా, ఇక్కడేమో పందుల దగ్గర పనిచేసే పెద్దవాళ్లే ఎక్కువగా పడిపోతున్నారు, టీకా వేయించుకున్నవాళ్లతో సహా. 1999 మార్చిలో మలయా విశ్వవిద్యాలయంలో పనిచేసే చువా కా బింగ్ రోగి నమూనాలోంచి కొత్త వైరస్‌ని వేరుచేశాడు, అదే నిపా. మలేషియాలో 265 మందికి సోకి 105 మంది పోయారు, పది లక్షలకు పైగా పందుల్ని చంపారు. ఆ అంకె చదివినప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది.

అక్కడితో వదిలేయలేదు వాళ్లు. పందులకి ఎక్కడిది? చువా బృందం తియోమాన్ దీవిలో గబ్బిలాలు వేలాడే చెట్ల కింద ప్లాస్టిక్ షీట్లు పరిచి, పడిన మూత్రం చుక్కల్ని, సగం కొరికి వదిలేసిన పండ్లని పోగుచేసింది. వాటిలోంచే నిపా వచ్చింది. అప్పుడు అర్థమైంది, పందుల కొట్టాల పక్కనే మామిడిచెట్లున్నాయి, గబ్బిలాలు కొరికిన పండు కింద పడితే పంది తింటుంది. చెట్టుకీ కొట్టానికీ మధ్య దూరం ఉంచితే ఆ దారి మూసుకుపోతుంది.

గుహల_దారి:
చంపేస్తే అయిపోతుంది అన్నారు కదా, దానికి జవాబు యుగాండాలో ఉంది. కిటాకా గనిలో 2007లో కార్మికులకి ఎబోలాకి దగ్గరి చుట్టమైన మార్‌బర్గ్ వైరస్ సోకితే, తర్వాత అక్కడి గబ్బిలాల్ని ఊడ్చిపెట్టినట్టు చంపేశారు. కొన్నేళ్లకి కొత్త గబ్బిలాలు వచ్చి చేరాయి, పరీక్షిస్తే వైరస్ ఉన్నవాటి శాతం ముందుకంటే పెరిగింది, 2012లో దగ్గర్లోనే మార్‌బర్గ్ మళ్లీ ప్రబలింది. అదే బంగ్లాదేశ్‌లో చూడండి, ఈతచెట్టుకి కట్టిన కుండలో రాత్రంతా కారే నీరాని గబ్బిలాలు వచ్చి నాకుతున్నాయని కెమెరాలు పెట్టి కనుక్కున్నారు, పచ్చి నీరా తాగినవాళ్లకి నిపా అలా వస్తోంది. గీత గీసినచోట వెదురు తడిక కడితే గబ్బిలం నోరు అందదు. ఒక్క గబ్బిలాన్నీ చంపక్కర్లేదు! నాకు ఈ రంగంలో బాగా నచ్చిన పని ఇదే.

మూడో_సెమిస్టర్:
మీ అందరికీ చాలా థాంక్స్. తడిక సంగతి అస్సలు ఊహించలేదు. గబ్బిలాల్ని పట్టే పనిలో నన్ను చేర్చుకుంటారంటారా?

పశువుల_డాక్టర్:
ముందు రేబిస్ టీకా వేయించుకో, అది లేనివాళ్లని గబ్బిలాల మీద చెయ్యి వెయ్యనివ్వకూడదు. ఆపైన గ్లోవ్స్, మాస్కు వేసుకోవడం, తీయడం పదిసార్లు ప్రాక్టీస్ చెయ్యి, తీసేటప్పుడే తప్పు జరుగుతుంది. ఇవన్నీ అమ్మకి కూడా చెప్పు, కాస్త కుదుటపడతారు.