పాటతో పొత్తు లేని నాట్యం నాట్యమేనా?

గజ్జెలపెట్టె:
డల్లాస్‌లో ఉండే మా చెల్లెలు మెర్స్ కన్నింగ్‌హామ్ అనే అమెరికన్ నాట్యకారుడి వీడియో పంపింది. డాన్సర్లది ఒక దారి, జాన్ కేజ్ అనే స్వరకర్త సంగీతానిది ఇంకో దారి. ఎన్ని నిమిషాలన్నదే ముందుగా అనుకునేవారట. స్టాప్‌వాచ్ పెట్టుకుని సాధన చేసేవారట, సంగీతం చాలాసార్లు తొలి ప్రదర్శన రోజునే చెవిన పడేదట! పదమూడేళ్లుగా కూచిపూడి నేర్పుతున్నాను. గొంతుతో పాట, చేతులతో అర్థం, కళ్లతో భావం, పాదాలతో తాళం అంది మన పాత నాట్యగ్రంథం అభినయదర్పణం. మొదటిది తీసేస్తే మిగతా మూడూ దేన్ని పట్టుకుని నిలబడతాయి? నాకైతే చేతకానితనానికి పెట్టిన పెద్ద పేరులా ఉంది.

సియాటిల్ వాన:
అక్కా, చేతకాక మాత్రం కాదు. ఆయన 1919లో మా వాషింగ్టన్ రాష్ట్రంలోనే సెంట్రేలియా అనే చిన్న ఊళ్లో పుట్టాడు. చిన్నప్పుడు నేర్చుకున్నది ట్యాప్ డాన్స్, అంటే కాళ్లతో లయ వాయించడమే. ఇక్కడి కార్నిష్ స్కూల్లో చదువుతుండగా, 1938లో, డాన్సు క్లాసులకు పియానో వాయించడానికి వచ్చినవాడే కేజ్. 1939లో పేరుమోసిన నాట్యకారిణి మార్తా గ్రాహం పిలిచి తన బృందంలో చేర్చుకుంది. 1944 అక్టోబరులో ఆమె 'అపలాచియన్ స్ప్రింగ్'లో, కోప్లాండ్ సంగీతానికి, మతబోధకుడి వేషం కట్టింది ఈయనే. పాటతో ఆడటం బాగా వచ్చాకే వద్దనుకున్నాడు.

అసలు నాట్యం, సంగీతం విడిపోవడం కూడా ఒక్కరోజులో జరగలేదు. అదే ఏడాది ఏప్రిల్‌లో న్యూయార్క్‌లో కేజ్‌తో కలిసి ఇచ్చిన సోలోల్లో కాలాన్ని భాగాలు చేసుకున్నారు. ఆ భాగాల అంచుల దగ్గరే నాట్యం, సంగీతం కలుస్తాయి, మధ్యలో ఎవరి దారి వారిది. మన జతి, అదే తకధిమి లాంటి పలుకుల వరస, తిరిగి తిరిగి సమం మీద, అంటే తాళం మొదటి దెబ్బ మీద, పడ్డట్టు లేదూ?

గజ్జెలపెట్టె:
లేదు తమ్ముడూ. జతి ఎన్ని తిరుగుళ్లు తిరిగినా కింద తాళం నడుస్తూనే ఉంటుంది. అక్కడ నడిచేది గడియారం.

దారినపోయే దానయ్య:
చిన్న మాట. 1946లో ఆ కేజ్‌కు న్యూయార్క్‌లో మన సంగీతం గురించి చెప్పింది అహ్మదాబాద్ సంగీతకారిణి గీతా సారాభాయ్. బదులుగా ఆయన దగ్గర పాశ్చాత్య సంగీతం నేర్చుకుంది. 1964లో కన్నింగ్‌హామ్ బృందం అహ్మదాబాద్ కూడా వచ్చింది. తిట్టేముందు కాస్త బంధుత్వం చూసుకోండి మరి!

పాత హార్మోనియం:
అమ్మా, మొన్న గుళ్లో మా మనవరాలు తరంగం చేస్తోంది. పళ్లెం అంచు మీద నిలబడి రెండు గజాలు జరిగిందో లేదో స్పీకరు మూగబోయింది. పిల్ల ఆగలేదు. గజ్జెలు, సిమెంటు మీద పళ్లెం గీరుకునే చప్పుడు, అంతే. గుడంతా నిశ్శబ్దం. పాట ఉన్నప్పుడు సెల్ఫోన్లు చూసుకున్నవాళ్లు కూడా తలెత్తారు. నలభై ఏళ్లు డాన్సులకు పెట్టె వాయించినవాణ్ణి, చెప్పడానికి కష్టంగానే ఉంది కానీ, ఆ నిమిషం నేను లేకపోతేనే బాగుందనిపించింది.

గజ్జెలపెట్టె:
మాస్టారూ, పక్కన ఎవరో తాళం వేస్తూనే ఉండుంటారు. పాపనే అడగండి.

పాత హార్మోనియం:
అడిగానమ్మా. మీరన్నదే నిజం. ముందు వరసలో వాళ్లమ్మ తొడ మీద తాళం వేస్తోందట, అది చూస్తూ ఆడిందట. మరి పాటో అన్నాను. "పాటెక్కడ గుర్తుంది తాతయ్యా, పళ్లెం జారుతుందని టెన్షన్" అంది.