సమస్య: “చెమ్మ లేని చోట చెట్టు పెరిగె”

నిర్వాహకుడు: ఈసారి ఆటవెలది, నాలుగో పాదం ఇచ్చేశాం, పై మూడూ మీరు పూరించాలి. విషయం మోడల్ రైల్వే లేఅవుట్ (బల్ల మీద పేర్చే బొమ్మ రైలుమార్గం) మీద చెట్లూ గడ్డీ. గణాలు, యతితో పాటు పనితనం కూడా చూస్తాం.

తార్నాక:
రాగితీగ మెలిపి రంపపు పొట్టద్ది
పచ్చరంగు పూసి బల్లమీద
నాటి చూడ మిద్దె నడిగది లోపల
చెమ్మ లేని చోట చెట్టు పెరిగె

సీతాఫల్‌మండి: ధార బాగుంది అన్నా, కానీ పొట్టు అద్దాక రంగు పూస్తే సగం పొట్టు కుంచెతో పాటే లేచొస్తుంది. పొట్టు జల్లెడ పట్టి, పోస్టర్ కలర్ నీళ్లలో నానేసి, పేపర్ మీద ఆరబెట్టి, అప్పుడు ఫెవికాల్ రాసిన కొమ్మల మీద చల్లాలి. ఒక్కటే పచ్చ కూడా వద్దు. వేప లేత చిగురు ఎర్రగా ఉంటుంది కదా, చివర్లకు కాస్త ఇటుక రంగు తగిలించు.

తార్నాక: నిజమే. మొదటి రెండు పాదాలు ఇలా:
రాగితీగ మెలిపి రంగుపొట్టును చల్లి
బంక యారనిచ్చి బల్లమీద

కాచిగూడ:
ఎనుబదేడు వంతులెత్తును తగ్గించి
జానెడంత వేప చక్కబెట్ట
కాచిగూడ బొమ్మ గడపకు నీడయ్యె
చెమ్మ లేని చోట చెట్టు పెరిగె

నిర్వాహకుడు: లెక్క పద్యంలోకి ఇరికించినట్టు లేదు, అదే నాకు నచ్చింది. బొమ్మ రైళ్లలో హెచ్‌ఓ స్కేల్ అంటే 1:87, అసలులో 87వ వంతు, కాబట్టి 15 మీటర్ల వేప 17 సెంటీమీటర్లు, జానెడుకు కాస్త తక్కువ. చోటు చాలక పొట్టి చెట్లు పెడుతుంటారు, వెనక వరసలో పర్లేదు గానీ స్టేషన్ పక్కన పెడితే తేలిపోతాయి. (చెట్టు దగ్గర ఇంత పట్టుబట్టే మనమే పట్టాల దగ్గర కళ్లు మూసుకుంటాం. మన బ్రాడ్‌గేజ్‌లో పట్టాల మధ్య దూరం 1676 మి.మీ., ఆ లెక్కన బొమ్మలో 19 మి.మీ. పైన ఉండాలి, బజార్లో దొరికే ట్రాక్ 16.5.)

ఉప్పల్:
జిగురు మీద పోగు జిల్లున నిలబడి
గడ్డి నిలిచె మీట గట్టిగదుమ
వాన చినుకు లేదు తోటమాలియు లేడు
చెమ్మ లేని చోట చెట్టు పెరిగె

సీతాఫల్‌మండి: స్టాటిక్ గ్రాస్ (స్థిర విద్యుత్తు జల్లెడతో నిలబెట్టే గడ్డి) మీద పద్యం రావడం ఇదే మొదటిసారేమో! ఆ జల్లెడ వైరు ఒకటి తడి జిగురులో గుచ్చిన మేకుకు తగిలించి, మీట నొక్కి జల్లెడ ఊపితే నైలాన్ పోగులు రాలుతూనే నిటారుగా నిలబడతాయి, రెండో పాదంలో అది కళ్లకు కట్టింది. మూడో పాదంలో మాత్రం యతి పోయింది, ‘వా’కు ‘తో’ కుదరదు.

నిర్వాహకుడు: యతి ఒక్కటే కాదు, గడ్డి లేచింది సరే, చెట్టేదండీ? అన్వయం తెగిపోయింది. “వాన చినుకు లేదు వాకిట తంగేడు” అంటే రెండూ తీరతాయి.

ఉప్పల్: తంగేడు పొద కదా సార్, చెట్టంటే ఒప్పుకుంటారా?

నిర్వాహకుడు: మనవైపు తంగేడు చెట్టనే అంటాం, నడుస్తుంది. కానీ జానెడు చేయొద్దు, మనిషెత్తు అనుకున్నా మీ స్కేల్లో 2 సెంటీమీటర్లే. గిన్నెలు తోమే పచ్చ పీచు పీకి ముద్దలా చేసి, పైన పసుపు పొట్టు చిటికెడు చల్లండి చాలు.