పీహెచ్‌డీ కమిటీలోకి సార్లను ఎవరు అడగాలి? గైడా, స్కాలరా?

రెండో_సెమిస్టర్: కోర్స్‌వర్క్ అయిపోయింది, రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ (మన పని ఎలా సాగుతోందో చూసే సార్ల కమిటీ) వెయ్యాలి. ఎవరుంటే బాగుంటుందో చెప్పమన్నారు గైడ్. నా టాపిక్ కౌలు రైతుల అప్పులు. ఎకనామిక్స్‌లో ఒక మేడమ్ సరిగ్గా దీని మీదే పనిచేశారు. నేరుగా వెళ్లి అడగొచ్చా?

పాత_స్కాలర్: వద్దు తమ్ముడూ. పేరు గైడ్‌కి చెప్పు, ఆయనే అడుగుతారు. 2022 యూజీసీ పీహెచ్‌డీ రెగ్యులేషన్స్‌లో కమిటీని నడిపే కన్వీనర్ గైడే. నువ్వు ముందే అడిగేసి, తర్వాత ఆయన కాదంటే ఆ మేడమ్‌కి మొహం ఎలా చూపిస్తావు?

ఒహాయో_నుంచి: ఇక్కడ మామూలుగా స్టూడెంటే అడుగుతాడు. అడ్వైజర్‌తో ఒక మాట అనుకుని, ప్రపోజల్ ఒక పేజీలో కుదించి మెయిల్ పెడతాం.

పాత_స్కాలర్: అమెరికా సంగతి ఇక్కడెందుకు? మెయిల్ పెడితే మా దగ్గర తెరిచి చూడరు.

ఒహాయో_నుంచి: ఎవరూ చూడరని మీరెలా తేల్చేశారు?

లైబ్రరీ_పిల్ల: మెయిలూ వద్దు, వాట్సాపూ వద్దు. ఆమె రాసిన పేపర్ చదివి, టైమ్ అడిగి గదికి వెళ్లండి.

పాత_స్కాలర్: మెయిల్ గొడవ ఆపండి. నేను ఒక సార్‌ని సొంతంగా అడిగాను. ప్రమోషన్ దగ్గర ఆయనకీ మా గైడ్‌కీ మాటలు పోయాయని నాకు ఎవరూ చెప్పలేదు. ఒకరు ఉంచమన్న చాప్టర్ ఇంకొకరు తీసెయ్యమన్నారు. ఫెలోషిప్ జేఆర్‌ఎఫ్ (జూనియర్) నుంచి ఎస్‌ఆర్‌ఎఫ్‌కి (సీనియర్) మారే కాగితం మీద సంతకాలు నెలల తరబడి ఆగిపోయాయి. ఇంటికి డబ్బు పంపలేకపోయాను.

ఒహాయో_నుంచి: అది వాళ్ల తప్పు, అడగడంలో తప్పు లేదు. అందరూ గైడ్ మనుషులే కూర్చుంటే కమిటీ ఎందుకు?

పాత_స్కాలర్: ఒహాయోలో కూర్చుని చెప్పడం తేలికేనండీ! ప్రోగ్రెస్ బాగాలేదని కమిటీ రాసి, సరిదిద్దుకోకపోతే రిజిస్ట్రేషన్ రద్దుకి సిఫార్సు చెయ్యొచ్చు. అదీ ఆ రెగ్యులేషన్స్‌లోనే ఉంది. అలాంటి చోట గైడ్‌కి పడనివాళ్లని తెచ్చి కూర్చోబెట్టుకోమంటారా?

వైజాగ్_స్కాలర్: నా కమిటీలో ఇద్దరూ మా గైడ్ దగ్గర పీహెచ్‌డీ చేసినవాళ్లే. మూడేళ్లు ఆయన నా చాప్టర్ చదవలేదు. సెమిస్టర్‌కోసారి ప్రెజెంటేషన్ పెట్టడం, 'సంతృప్తికరం' అని రాసి సంతకాలు చెయ్యడం. గైడ్ చదవడం లేదని నేను ఎవరికి చెప్పుకోవాలి? గైడ్‌ని ప్రశ్నించగలిగే మనిషి ఒక్కరైనా ఉండాలి. మిగతాదంతా నాకు అనవసరం.

పాత_స్కాలర్: ప్రశ్నించే మనిషి వల్లే నేను నలిగిపోయానమ్మా.

వైజాగ్_స్కాలర్: ఆయన మీ పనిని ప్రశ్నించలేదన్నా, మీ గైడ్ మీద కోపం తీర్చుకున్నాడు. అదీ ఇదీ ఒకటి కాదు.

లైబ్రరీ_పిల్ల: ఆ మేడమ్ దగ్గర చేస్తున్న స్కాలర్లని ముందు కనుక్కోండి. ఎవరికి ఎవరితో పడదో వాళ్లకి తెలుస్తుంది.

రెండో_సెమిస్టర్: కనుక్కున్నాను, గొడవలేవీ లేవన్నారు. సోమవారం గైడ్‌కి మేడమ్ పేరు చెప్తాను. సరే అంటే నేనే వెళ్లి అడుగుతాను. వద్దంటే కారణం అడుగుతాను.

పాత_స్కాలర్: కారణం అడగకు తమ్ముడూ. ఇంకో పేరు చెప్పు.

వైజాగ్_స్కాలర్: అడుగు. ఇప్పుడు అడగలేకపోతే చాప్టర్ ఎందుకు చదవలేదని రేపు ఎలా అడుగుతావు?