డివో పథకం: మేధావిదా, రచయితల అవసరమా?

రాత్రిపక్షి:
అమెరికన్ సూపర్‌హీరో సీరియల్ ‘ది ఫ్లాష్’ నాలుగో సీజన్ (2017–18) మళ్లీ చూశాను. ప్రతినాయకుడు క్లిఫర్డ్ డివో లోకంలోకెల్లా తెలివైనవాడు. మనుషులందరి తెలివినీ తుడిచిపెట్టడం అతని లక్ష్యం. అందుకోసం ఒక బస్సులోని వాళ్లకు అతీత శక్తులు వచ్చేలా చేస్తాడు, ఒక్కొక్కరి దేహంలో దూరతాడు. తన పాత శరీరాన్ని, మెరుపు వేగంతో పరుగెత్తే హీరో బ్యారీ (ఫ్లాష్) ఇంట్లో శవంగా వదిలి, హత్యానేరం అతని మీద పడేస్తాడు. అంతకుముందు, ఈ లోకంలో లేకుండా పోయిన బ్యారీని వెనక్కి రప్పించిందీ డివోనే. ఇంత మేధావికి నిద్రపోతున్న సింహాన్ని లేపకూడదని తోచలేదా?

ఇనుపముసుగు:
తొందరపడుతున్నారు. బ్యారీ స్పీడ్ ఫోర్స్ (అతని వేగానికి మూలమైన వేరే లోకం) నుంచి బయటపడ్డప్పుడు వెలువడిన, శక్తులు పుట్టించే డార్క్ మ్యాటరే ఆ బస్సును తాకింది. అతను రాకపోతే శక్తులే లేవు. ఇక జైలు సంగతి: డివోకు కావలసిన శక్తులున్న నలుగురు బ్యారీని పెట్టిన జైల్లోనే దొరికారు కదా!

రాత్రిపక్షి:
బ్యారీని రప్పించడం వరకు ఒప్పుకుంటాను. దొరికిన నలుగురూ రచయితలు అక్కడ పెట్టారు కాబట్టే దొరికారు. 23 ఎపిసోడ్లు నింపాలి మరి.

పాతకాలపు ప్రేక్షకుడు:
ఇది ఇప్పటి జబ్బు కాదండీ. 1966లో మొదలైన ‘బ్యాట్‌మన్’ సీరియల్లో దుర్మార్గుడు హీరోను ఏదో యంత్రానికి కట్టేసి, చచ్చాడో లేదో చూడకుండానే వెళ్లిపోయేవాడు. కథ బుధవారం ఆగి గురువారం ముగియాలి, అంతే. కానీ ఆ సీరియల్ తనను తానే వెక్కిరించుకునేది, కాబట్టి నవ్వుకున్నాం. డివో కథ మాత్రం ముఖం గంభీరంగా పెట్టుకుంది, చిక్కంతా అక్కడే.

రాత్రిపక్షి:
సరిగ్గా చెప్పారు. మొదటి సీజన్లో ప్రతినాయకుడు, భవిష్యత్తు నుంచి వచ్చిన థాన్‌ను చూడండి. బ్యారీ తల్లిని చంపాక తన వేగం పోయి గతంలో ఇరుక్కుంటాడు. తన కాలానికి తిరిగి వెళ్లాలంటే ఫ్లాష్ వేగం కావాలి, కాబట్టి శత్రువును తానే తయారుచేసి, శిక్షణ ఇచ్చి పెంచాలి. అందులో ప్రతి అడుగుకూ అవసరం ఉంది. డివోకు అవసరాలన్నీ రచయితలవే.

ఇనుపముసుగు:
మరి మార్లీజ్? అన్నీ లెక్కగట్టినవాడు భార్య జ్ఞాపకాలను చెరిపేసి, ఆమెకే దొరికిపోతాడు. ఆమె వదిలి వెళ్లి బ్యారీ పక్షాన చేరడం నాకు తర్కదోషంగా అనిపించలేదు. తెలివి పెరిగినకొద్దీ పక్కనున్న మనిషి కనబడడం మానేసింది.

రాత్రిపక్షి:
ఆ ఒక్క పాయకు నేనూ చప్పట్లు కొడతాను. కానీ అది పాత్ర గురించి మంచి రచన, పథకం గురించి కాదు. పథకమంటే మరో సూపర్‌హీరో సీరియల్ ‘యారో’ మొదటి సీజన్లో ప్రతినాయకుడు మాల్కమ్ మెర్లిన్‌ది. భూకంపం పుట్టించే యంత్రాన్ని హీరో బృందం ఆపేస్తుంది, తీరా చూస్తే రెండోది ఒకటి ఉంది. అంతకంటే సాదా ఆలోచన ఉంటుందా? నగరంలోని పేదల పేట గ్లేడ్స్ సగం కూలిపోయింది!

ఇనుపముసుగు:
సాదాదే, కానీ దాని గురించి మనం ఇన్ని రోజులు కొట్లాడుకోలేదుగా.