మునిగిన ఓడల వెండి నాణేలు కొనుక్కోవడం తప్పా?

పాతనాణెం: ఫ్లోరిడాలో ఉంటాను. 1622 తుఫానులో మునిగిన స్పెయిన్ ఓడ అటోచా నుంచి తీసిన 8 రియాల్స్ (పాతకాలపు స్పెయిన్ వెండి నాణెం) ఒకటి కొన్నాను. సర్టిఫికెట్ ఉంది. ఫొటో పెడితే నిన్న ఇక్కడే ఒకరు "దొంగసొత్తు" అన్నారు. మీరేమంటారు?

శాసనప్రియ: అన్నది నేనే, ఇప్పుడూ అంటాను. 1804లో పోర్చుగల్ దగ్గర పేలి మునిగిన స్పెయిన్ ఓడ మెర్సిడెస్ నుంచి 2007లో ఒక అమెరికా కంపెనీ దాదాపు 5,94,000 నాణేలు తీసుకుపోయింది. అమెరికా కోర్టు వాటిని స్పెయిన్‌కు ఇచ్చేయమంది. 2012లో విమానాల్లో వెనక్కి వెళ్లాయి. ఇప్పుడు స్పెయిన్‌లోని కార్తహేనా మ్యూజియంలో ఎవరైనా చూడొచ్చు. మీ నాణేన్ని ఎవరు చూస్తారు?

నల్లవెండి: నాణెం ఎంత పాడైందో చెప్పే గ్రేడ్ ఎంత? 4 అయితే ఉప్పునీళ్లు ముద్రను బాగా తినేసుంటాయి.

పాతనాణెం: మెర్సిడెస్ యుద్ధనౌక కాబట్టి స్పెయిన్ గెలిచింది. అటోచా కేసు వేరు. 1982లో అమెరికా సుప్రీంకోర్టులో ఫ్లోరిడా ప్రభుత్వం మీద, అటోచాను వెతికిన మెల్ ఫిషర్ గెలిచాడు. వెతుకులాటలో 1975లో పడవ మునిగి కొడుకు, కోడలు పోయారు. సరిగ్గా పదేళ్లకు, 1985 జూలై 20న ఓడలోని అసలు నిధి గుట్ట దొరికింది. బిడ్డను పోగొట్టుకుని వెతికినవాణ్ని దొంగంటారా?

శాసనప్రియ: ఆయన్ని అనలేదు, సొత్తునన్నాను. ఓడలో ఏది దేని పక్కన ఉందో తెలిస్తేనే చరిత్ర. ఒక్కో నాణెం ఒక్కో ఇంటికి చేరాక ఇంకేం మిగులుతుంది?

తీరంవాసి: మెర్సిడెస్ నాణేలు లిమాలో ముద్రించినవని పెరూ కూడా అడిగింది, కోర్టు ఒప్పుకోలేదు. ఇప్పటి బొలీవియాలోని పొటోసి గనుల్లో వెట్టిచాకిరీతో తవ్వించిన వెండి కదా, ఆ కూలీల మాట ఇద్దరూ ఎత్తరేం?

శాసనప్రియ: పాతనాణెం గారూ, మీలాంటివాళ్లు కొనబట్టే ఓడల్లోంచి తీసేవాళ్లు తీస్తున్నారు.

పాతనాణెం: "మీలాంటివాళ్లు" అనొద్దు. మ్యూజియం, మ్యూజియం అని చంపుతున్నారు. మా తాతకి బావి పూడిక తీస్తుంటే వెండి నాణేల కుండ దొరికింది. ఊరంతా దాచుకోమన్నా వినకుండా బండి కట్టుకెళ్లి ఆఫీసులో అప్పజెప్పాడు. మన దేశపు 1878 నిక్షేపాల (పాతిపెట్టిన నిధుల) చట్టం ప్రకారం సర్కారు ఉంచుకుంటే వెల కట్టి ఇవ్వాలి. రూపాయి రాలేదు. ఆ నాణేలు ఏ మ్యూజియంలోనూ కనబడలేదు. చచ్చేదాకా అడుగుతూనే ఉన్నాడు. నా బీరువాలో ఉన్నది కనీసం ఎక్కడుందో నాకు తెలుసు.

శాసనప్రియ: రెండ్రోజులుగా ఓడల మీద కొట్టుకుంటున్నాం. మీ బాధ ఆ కుండది. తాతగారికి రసీదు ఇచ్చారా?

పాతనాణెం: ఇచ్చారు. నా దగ్గరే ఉంది. 212 నాణేలని రాసి సంతకం పెట్టారు.

శాసనప్రియ: ఫొటో తీసి పంపండి. సమాచార హక్కు కింద దరఖాస్తు నేను రాస్తాను. దొంగసొత్తన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను.