మార్క్ 4 అంబాసిడర్: సెల్ఫ్ తిరుగుతోంది, ఇంజను అందుకోవడం లేదు

తెనాలి_మార్క్4
అందరికీ నమస్కారం. 1984 అంబాసిడర్, పెట్రోలు బండి. వానాకాలమంతా షెడ్డులోనే ఉంది. ఇప్పుడు సెల్ఫ్ కొడితే నీరసంగా తిరుగుతుంది తప్ప అందుకోదు. బ్యాటరీ కొత్తది. పెట్రోలు కార్బొరేటర్ దాకా వస్తోంది. ప్లగ్గులు విప్పితే నల్లగా, తడిగా ఉన్నాయి. ఎక్కువసేపు సెల్ఫ్ కొడితే చోక్ నాబ్ వేడెక్కుతోంది, అది మామూలేనా? మెకానిక్ ఇంజను దింపి సిలిండర్లు బోర్ చేయించాలంటున్నాడు. డిస్ట్రిబ్యూటర్‌లో స్పార్క్ కోసం తెరుచుకుని మూసుకునే పాయింట్ల గ్యాప్ ఎంత పెట్టాలి? ఎస్‌యూ కంపెనీ కార్బొరేటర్ రిపేరు కిట్ ఎక్కడ దొరుకుతుంది?

ఫియట్_బాబాయ్
అందుకే పద్మిని కారు కొనుక్కోమనేది. ఎన్నాళ్లు నిలబెట్టినా పెట్రోలు పంపుకున్న చేతి లివరు కాస్త ఆడించి, చోక్ లాగి కొడితే చాలు. 1089 సీసీ ఇంజను, అందులో పాడవ్వడానికి ఏముంది?

ఆటోనగర్_మేస్త్రీ
ముందు బోర్ మాట మర్చిపో తమ్ముడూ. బండి షెడ్డులోకి వెళ్లేటప్పుడు బాగానే నడిచింది కదా? నాలుగు నెలలు నిలబడితే బోర్ అరగదు. పాయింట్లు తుప్పు పడతాయి. డిస్ట్రిబ్యూటర్ క్యాప్ తీసి పాయింట్లు ఎమ్రీ పేపరుతో రుద్దు. హ్యాక్సా బ్లేడు దూర్చి గ్యాప్ పెట్టు. మా గురువు అట్లాగే పెట్టేవాడు, నేనూ అంతే. గ్యాప్ కొలిచే ఫీలర్ గేజులు మాకు అక్కర్లేదు.

బర్మింగ్‌హామ్_ఎంజీ
బ్లేడా? అయ్యా, చేతి రంపం బ్లేడు మందం సుమారు 25 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు). లూకాస్ డిస్ట్రిబ్యూటర్ పాయింట్లకు కావలసింది 14 నుంచి 16 థౌ. 25 థౌ సరిపోయేది ప్లగ్గుకు. మీ అంబాసిడర్ 1489 సీసీ ఇంజను బ్రిటన్ కంపెనీ బీఎంసీ వాళ్ల బి సిరీస్‌ది, మా ఎంజీఏ 1500 కారులో ఉన్నదీ అదే కుటుంబం. నా చేతుల మీదుగా ఆ ఇంజన్లు చాలానే నడిచాయి. అడగనివాళ్లకు కూడా చెబుతున్నాను, గేజ్ కొనుక్కోండి.

ఆటోనగర్_మేస్త్రీ
లండన్‌లో కూర్చుని మాకు నేర్పుతారా? నేను గ్యాప్ పెట్టిన బండ్లు శ్రీశైలం ఘాట్ ఎక్కి వచ్చాయి.

బర్మింగ్‌హామ్_ఎంజీ
లండన్ కాదు, బర్మింగ్‌హామ్. ఎక్కి వచ్చాయంటే కాదన్నది ఎవరు? గ్యాప్ పెరిగితే పాయింట్లు మూసుకుని ఉండే సమయం తగ్గుతుంది. కాయిల్ పూర్తిగా చార్జ్ కాదు, స్పార్క్ పలచబడుతుంది. పైగా పాయింట్లు ముందే తెరుచుకుంటాయి కాబట్టి టైమింగ్ కూడా ముందుకు జరుగుతుంది. ఘాట్‌లో ఇంజను టకటకా కొట్టుకుంటే పెట్రోలు మంచిది కాదని తిట్టుకుని ఉంటారు.

ఖమ్మం_రవ్వ
మేస్త్రీ గారిని మరీ అంతగా అనక్కర్లేదు. పాత పాయింట్లలో ఒకవైపు గుంట, ఇంకోవైపు మొటిమలాగా పెరుగుతుంది. దాని మీద గేజ్ పెట్టినా తప్పే చూపిస్తుంది. పాయింట్లు కొత్తవి వేసి, అప్పుడు కొలవాలి. కండెన్సర్ కూడా మార్చండి. అది పోతే పాయింట్లు తొందరగా మాడతాయి.

ఆటోనగర్_మేస్త్రీ
అదిగో, గేజూ తప్పే చూపిస్తుందంట! ఇప్పుడేమంటారు ఎంజీ గారూ?

బర్మింగ్‌హామ్_ఎంజీ
డ్వెల్ మీటర్ (పాయింట్లు ఎన్ని డిగ్రీలు మూసుకుని ఉంటాయో చూపేది) పెట్టి చూడండి అంటాను. ఈ ఇంజనుకు 60 డిగ్రీల దగ్గర ఉండాలి. నేను ఇక ఈ విషయం మాట్లాడను.

ఈ20_బాధితుడు
మీరంతా పాయింట్లు పట్టుకుని కొట్టుకుంటున్నారు, అసలు దొంగ పెట్రోలు. ఇప్పుడు బంకుల్లో పోసేది ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపింది. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. వానాకాలమంతా ట్యాంకులో ఉంటే అడుగున నీళ్లు విడిపోయి చేరతాయి. పాత రబ్బరు గొట్టాలు, డయాఫ్రమ్‌లు ఉబ్బిపోతాయి. నా పంపు డయాఫ్రమ్ అలాగే పోయింది. ట్యాంకు ఖాళీ చేయి బ్రదర్.

ఫియట్_బాబాయ్
నా పద్మినికి ఏమీ కాలేదే.

ఈ20_బాధితుడు
అవుతుంది లెండి.

ఫియట్_బాబాయ్
శాపనార్థాలు పెట్టకు బాబూ.

బర్మింగ్‌హామ్_ఎంజీ
ఇక్కడ 2021 నుంచి మామూలు పెట్రోలు ఈ10. పాత బండ్లవాళ్లం సూపర్ గ్రేడ్ ఈ5 కొట్టిస్తాం. గొట్టాలు ఇథనాల్ తట్టుకునేవి వేసుకుంటే గొడవ లేదు. ఎక్కువరోజులు ఆపేటప్పుడు కార్బొరేటర్‌లో పెట్రోలు నిలిచే ఫ్లోట్ బౌల్ ఖాళీ చేసి పెట్టాలి.

ఇసుజు_పెట్టేయ్
ఇంత తలనొప్పి ఎందుకు? 1800 ఐఎస్‌జెడ్ ఇసుజు ఇంజను సెకండ్ హ్యాండ్‌లో పట్టుకుని బండిలో పెట్టెయ్. ఐదు గేర్లు, ఏసీ లాగుతుంది. నాది అట్లాగే చేయించా, సెల్ఫ్ ముట్టుకుంటే స్టార్ట్.

ఆటోనగర్_మేస్త్రీ
దానికి నేను ఒప్పుకోను. ఈ ఒక్క విషయంలో బర్మింగ్‌హామాయనా నేనూ ఒక్కటే అనుకుంటా.

రాణీగంజ్_స్పేర్స్
ఎస్‌యూ కిట్ సికింద్రాబాద్ రాణీగంజ్‌లో అడిగితే దొరుకుతుంది. విజయవాడ ఆటోనగర్‌లో కూడా చూడు. నీడిల్, జెట్ రెండూ కలిపి తీసుకో. కొనే ముందు ఒక పని చెయ్: కార్బొరేటర్ మీదుండే డాష్‌పాట్‌లో ఆయిల్ ఉందో లేదో చూసి, దాని పిస్టన్‌ను వేలితో పైకెత్తి వదులు. టక్కుమని కిందపడాలి. పడితే కార్బొరేటర్ జోలికి పోకు.

పాతకారు_నరసన్నపేట
ఎవరూ పట్టించుకోలేదు గానీ, చోక్ నాబ్ వేడెక్కుతోందని రాశాడు చూశారా? అది మామూలు కాదు. ఇంజను నుంచి బాడీకి వెళ్లే ఎర్త్ పట్టీ పోయి ఉంటుంది. సెల్ఫ్ లాగే కరెంటంతా వెనక్కి రావడానికి దారి లేక చోక్ తీగ గుండా పోతోంది. తీగ కాలి పొగ కూడా రావచ్చు, ఇక సెల్ఫ్ కొట్టకండి. సెల్ఫ్ నీరసంగా తిరగడం, కాయిల్‌కు వోల్టేజ్ చాలక స్పార్క్ రాకపోవడం, ప్లగ్గులు తడవడం అన్నీ అందుకే. జంపర్ కేబుల్ ఒక కొన బ్యాటరీ నెగటివ్‌కు, ఇంకో కొన ఇంజను బ్లాకు మీద రంగు లేని చోట బిగించి చూడండి. అప్పటికీ తిరగకపోతే స్టార్టింగ్ హ్యాండిల్ పెట్టి ఇంజను తిప్పండి. బొటనవేలు మిగతా వేళ్ల వైపే ఉంచాలి, చుట్టూ బిగించకూడదు. ఎదురు తన్నిందంటే మణికట్టు పోతుంది.

తెనాలి_మార్క్4
నరసన్నపేట గారూ, దండం! ప్లగ్గులు ఆరబెట్టి, మీరు చెప్పినట్టు కేబుల్ పెట్టి కొట్టగానే సెల్ఫ్ గిర్రున తిరిగింది, ఇంజను అందుకుంది. ఎర్త్ పట్టీ బాడీ వైపు బోల్టు దగ్గర పచ్చగా చిలుము పట్టి, పోగులన్నీ తెగిపోయి ఉన్నాయి. కొత్త పట్టీకి చెప్పాను. మెకానిక్‌కు ఫోటో పంపితే "అదీ ఒక కారణమే, బోర్ కూడా చేయించు" అన్నాడు.

ఈ20_బాధితుడు
సంతోషం. అయినా ట్యాంకు ఖాళీ చేయి.

ఆటోనగర్_మేస్త్రీ
ఎర్త్ సంగతి నేను రెండో మెసేజులో చెబుదామనుకున్నా, ఈ బ్లేడు గోలలో పడి కుదరలేదు.

ఖమ్మం_రవ్వ
😀

వరంగల్_1972
మధ్యలో ఒక డౌటు. మా నాయన పేరు మీద 1972 అంబాసిడర్ ఉంది. నడుస్తుంది. వింటేజ్ నంబరు తీసుకోవచ్చా, మామూలు ఆర్‌సీ రెన్యూ చేయించాలా?

రాణీగంజ్_స్పేర్స్
2021 రూల్ ప్రకారం 50 ఏళ్లు దాటితే వింటేజ్ కింద రిజిస్టర్ చేయించొచ్చు. నంబరులో స్టేట్ కోడ్ తర్వాత వీఏ వస్తుంది. కొత్త రిజిస్ట్రేషన్ ఫీజు 20,000. ఇంజను, ఛాసిస్, బాడీ పెద్దగా మార్చి ఉండకూడదు. ఇసుజు అన్నా, వింటున్నావా?

ఇసుజు_పెట్టేయ్
నాకు నంబరు ప్లేటు కాదు, ఏసీ కావాలి.

పాతకారు_నరసన్నపేట
వింటేజ్ నంబరు వేస్తే రోజూ రోడ్డు మీద తిప్పడం కుదరదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, రిపేరుకు తీసుకెళ్లడానికే. మామూలు ఆర్‌సీ అయితే ఫిట్‌నెస్ చూస్తారు. 20 ఏళ్లు దాటిన కార్లకు రెన్యువల్ ఫీజు 2025లో 10,000 చేశారు.

వరంగల్_1972
పెళ్లిళ్లకు పూలదండలు వేసి పంపుతుంటాం, కొంచెం డబ్బులు కూడా వస్తాయి. వింటేజ్ అయితే అది కుదరదా?

పాతకారు_నరసన్నపేట
కుదరదు, కమర్షియల్ వాడకం నిషేధం. మామూలు ఆర్‌సీ ఉన్నా సొంత బండిని అద్దెకు తిప్పకూడదు, ఆ సంగతి ఆర్టీవో ఆఫీసులో మాత్రం నోరు జారకండి.