కంప్యూటర్‌లో రొమ్ము ఫాంటమ్: ల్యాప్‌టాప్ చాలడం లేదు, ఎవరైనా చేశారా?

ఏర్పేడు_పిల్లోడు: అందరికీ నమస్కారం. ఎంటెక్ ప్రాజెక్టు కోసం కంప్యూటర్‌లోనే రొమ్ము కణజాలం తయారుచేస్తున్నా. మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) పరిశోధనలో దీన్ని ఫాంటమ్ అంటారు (దెయ్యం కాదు, మా అమ్మ అదే అడిగింది). అమెరికాలో మందుల్నీ వైద్య పరికరాల్నీ చూసే సంస్థ ఎఫ్‌డీఏ వాళ్లు విక్ట్రే పేరుతో ఉచితంగా పెట్టిన కోడ్ వాడుతున్నా. బొమ్మంతా బుల్లి ఘనాల గళ్లతో తయారవుతుంది, ఆ గడి సైజు 50 మైక్రాన్లు (మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు) ఇవ్వగానే 8 జీబీ ల్యాప్‌టాప్ బిగుసుకుపోతోంది. రెండు రాత్రులు పోయాయి. వచ్చిన ముతక బొమ్మ ఒకటి కింద పెట్టాను, చూడండి.

పాత_జీపీయూ: లెక్క వేసుకో తమ్ముడూ. పది సెంటీమీటర్ల ఘనంలో ఒక్కో వైపు 2000 గళ్లు, మొత్తం 800 కోట్లు. గడికి ఒక్క బైటే అనుకున్నా 8 జీబీ అక్కడికే సరి. 200 మైక్రాన్లకు పోతే 12.5 కోట్లే, 125 ఎంబీలో అయిపోతుంది. నేను ముందు ముతకగా పదో ఇరవయ్యో చేసి, ఆకారం, కొవ్వు పాళ్లు కుదిరాక అవే సెట్టింగులతో ల్యాబ్ మెషీన్‌లో 50కి నడిపేవాణ్ణి. ఒకసారి రన్ పెట్టి కొండకి పోయా. దర్శనం అయ్యి దిగేసరికి రూమ్‌లో కరెంటు లేదు, రన్ మొత్తం గోవిందా! మధ్యమధ్యలో సేవ్ అయ్యేలా పెట్టుకో.

చిత్తూరు_కోడలు: మధ్యలో వచ్చినందుకు ఏమనుకోవద్దు. మొన్నే మా అత్తకు మామోగ్రామ్ తీయించాం. ఆస్పత్రుల్లో అన్ని ఫొటోలు ఉంటాయి కదా, ఈ బొమ్మలెందుకు?

ఏర్పేడు_పిల్లోడు: మంచి ప్రశ్న అక్కా. నిజం ఫొటోలో బయాప్సీ చేసిన చోటు తప్ప మిగతాది ఏమిటో ఖాయంగా చెప్పలేం. బొమ్మలో గడ్డ పెట్టింది నేనే కాబట్టి నాకు తెలుసు. పైగా ఒకే మనిషికి పదేపదే ఎక్స్‌రే తీయకూడదు. ఎఫ్‌డీఏ వాళ్లు 2,986 మంది కల్పిత రోగుల మీద మామూలు మామోగ్రామ్‌నీ టోమోసింథసిస్‌నీ (పలు కోణాల్లో తీసి పొరలుపొరలుగా చూపే ఎక్స్‌రే) పోల్చి 2018లో ప్రచురించారు. ఆ ఫొటోల్లో గడ్డలు వెతికింది కూడా కంప్యూటరే. టోమోసింథసిస్ మెరుగని వచ్చింది, నిజం రోగులతో చేసిన ట్రయల్‌లో వచ్చినట్టే.

ఫిల్ము_డాక్టరమ్మ: రేడియాలజిస్టుని. నీ బొమ్మ చూశాను బాబూ, కోప్పడకు, లడ్డూలో బూందీలా ఉంది. పాల నాళాలు చనుమొన నుంచి వెనక్కి చెట్టుకొమ్మల్లా చీలాలి. గ్రంథుల మధ్యలోకి కొవ్వు చొరబడాలి. కూపర్ లిగమెంట్లు సన్నటి తెరల్లా అన్నిటినీ పట్టి ఉంచాలి. నీ దాంట్లో తెరలే లేవు, అంతా గాల్లో తేలుతోంది. అసలు నొక్కినట్టే లేదు! మేము రెండు పలకల మధ్య నొక్కి కదా తీసేది.

ఇంకోటి, కొవ్వు రొమ్మే ఎందుకు చేశావు? అందులో గడ్డ ఎవరికైనా కనిపిస్తుంది. కొవ్వు నల్లగా, గ్రంథి తెల్లగా పడతాయి, గడ్డా తెల్లగానే పడుతుంది. వయసు తక్కువ వాళ్ల దట్టమైన (గ్రంథులు ఎక్కువుండే) రొమ్ములో వెతకడమంటే పెరుగన్నంలో కొబ్బరిముక్క వెతకడమే.

ఏర్పేడు_పిల్లోడు: లిగమెంట్లు నేనే ఆపేశాను మేడమ్, టైమ్ కలిసొస్తుందని. నొక్కడానికి ఫెబియో అనే సాఫ్ట్‌వేర్ ఉంది, అది రోజూ ఎర్రర్ ఇస్తుంటే వదిలేశా. మళ్లీ మొదలుపెడతా.

పాత_జీపీయూ: ముతక బొమ్మలో గడ్డలు చూసుకోవచ్చు గానీ కాల్షియం చుక్కలు మాత్రం పెట్టొద్దు. వాటిలో చాలావరకు అర మిల్లీమీటరు కూడా ఉండవు. 200 మైక్రాన్ల గళ్లలో పెడితే చుక్క ఆకారమే మిగలదు.

ఏర్పేడు_పిల్లోడు: (పది రోజుల తర్వాత) ల్యాబ్ మెషీన్ దొరికింది. దట్టమైన రకం, లిగమెంట్లతో, నొక్కి తీసింది. ముళ్లముళ్లుగా ఉండే గడ్డ ఒకటి దాచాను. మేడమ్, ఎక్కడుందో చెప్పగలరా?

ఫిల్ము_డాక్టరమ్మ: పైన, కుడి అంచుకు దగ్గర్లో. అనుమానం లేదు.

ఏర్పేడు_పిల్లోడు: అక్కడ నేనేమీ పెట్టలేదు మేడమ్. అది గ్రంథులు ఒకదాని మీద ఒకటి పడిన నీడ. గడ్డ కింద ఉంది.

ఫిల్ము_డాక్టరమ్మ: అట్లయితే ఇప్పుడు కుదిరింది నీ బొమ్మ. ఇంకో ఐదు పంపు. ఒకదాంట్లో ఏమీ పెట్టకు, ఏదో మాత్రం నాకు చెప్పకు.